పొగ మేస్త్రీ దేవ్లా

దేవ్లాకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ అడవి అంచున ఆకాశంలోంచి కనపడేంత పెద్ద అక్షరం రాసిన మనిషి అతనొక్కడే. రోడ్ల డిపార్ట్‌మెంటులో గ్యాంగు కూలీగా చేరాడు. ఎండాకాలం గుంతలు పూడ్చడం, వానాకాలం అవే గుంతలు మళ్ళీ పూడ్చడం అతని ఉద్యోగం. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎక్కడ ఏ పెద్దమనిషి హెలికాప్టర్ దిగాలన్నా, ముందురోజే తండాకు జీపు వచ్చి దేవ్లాను ఎక్కించుకుపోయేది. మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి, నడుమ ఒక్క మెట్టున్న నిచ్చెనలాంటి ఇంగ్లీషు అక్షరం వేయాలి. తాడూ, మేకూ, సున్నపు బకెట్టూ తప్ప అతనికి వేరే సరంజామా లేదు. అయినా గీత వెంట్రుకవాసి వంకర పోయేది కాదు.

అక్షరం ఎవరైనా నేర్చుకుంటారు. పొగ మాత్రం అందరి చేతా కాదు. గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో పైనున్న పైలట్‌కు తెలియాలంటే కింద పొగ వేయాలి. దేవ్లా పొద్దున్నే తుమ్మ మొద్దులు కాల్చి, మంటంతా పోయేదాకా ఆగి, ఎర్రటి నిప్పులు మిగుల్చుకునేవాడు. పక్కన తడిపిన వరిగడ్డి, పచ్చి వేపాకు సిద్ధంగా ఉండేవి. హెలికాప్టర్ చప్పుడు వినపడగానే గడ్డి, దానిమీద ఆకు పరిచేవాడు. తెల్లటి పొగ లావుగా లేచి గాలివాటున వంగేది. ఆ పొగను చూసి ఇంజనీర్లే ముచ్చటపడేవారు. అతనికి మేస్త్రీ హోదా కాగితం మీద ఎన్నడూ రాలేదు గానీ, జనం మాత్రం 'పొగ మేస్త్రీ' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా దేవ్లా తలపాగా సర్దుకునేవాడు.

ఇదంతా పెద్దసారు పోకముందు సంగతి. పెద్దసారంటే ఆ ప్రాంతం నాయకుడు. పేరు మనకెందుకులెండి, అక్కడ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి మే నెలలో, దేవ్లా ఉండే గుట్టకింది తండా పక్కన మైదానంలో దిగాల్సిన ఆయన హెలికాప్టర్ దిగకుండా ఒక చుట్టు తిరిగి, గుట్టలవైపు వెళ్ళి, అడవిలో కూలిపోయింది. ఆయనా, పైలటూ ఇద్దరూ పోయారు.

ఆ తరవాత దేవ్లా కొత్త మనిషయ్యాడు. అంతవరకు పది మాటలకు ఒక మాట బదులిచ్చేవాడు కాస్తా, రోడ్డు మలుపులో పిచ్చయ్య హోటల్ దగ్గర కూచుని హెలికాప్టర్ కథలు చెప్పడం మొదలుపెట్టాడు.

"అది ఉట్టిగ పడలే పిచ్చయ్యా. తునికాకు కట్టకు రేటు పెంచుతనన్నడు సారు. కాంట్రాక్టర్లు ఊకుంటరా? పెట్రోల్‌ల చక్కెర పోసిండ్రు" అనేవాడు ఒక వారం.

"పోయిన వారం కలప దొంగలన్నావు కదయ్యా" అనేవాడు పిచ్చయ్య, చాయ్ గ్లాసు కడుగుతూ. అతను మధిర వైపునుంచి వచ్చి అక్కడ హోటల్ పెట్టుకున్నవాడు. ఏ మాటనూ సగం మించి నమ్మడు.

"కలప దొంగలు గూడ ఉండొచ్చు. ఇద్దరు కలిసిండ్రేమో నీకేమెరుక?"

మరో నెలకు పట్నంలో ఉన్న సొంత పార్టీవాళ్ళే కుర్చీ కోసం చేయించారనేవాడు. ఇంకో నెలకు పాత పైలట్‌ను ముందురోజే మార్చారనీ, కొత్తవాడి పేరు ఎవరూ చెప్పడం లేదనీ గొంతు తగ్గించి చెప్పేవాడు. అడవిలో అన్నలు తుపాకీ పేల్చారని ఎవరో అంటే దాన్నీ వదల్లేదు. ఆ రోజుల్లో ఆ కథలు చెప్పనివాడెవడు? బస్సులో, సంతలో, పెళ్ళి పందిట్లో అదే మాట. కాకపోతే మిగతా ఊరు ఏడాదికి మరిచిపోయింది. దేవ్లా పన్నెండేళ్ళు మరవలేదు. ప్రమాదమేనేమో అని ఎవరైనా నోరు జారితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. పొగ మేస్త్రీ అన్న పేరు పోయి 'హెలికాప్టర్ దేవ్లా' అన్న పేరు వచ్చింది. ఈ పేరుకు మాత్రం తలపాగా సర్దుకునేవాడు కాదు.

పాపం, నవ్విన వాళ్ళలో ఒక్కరైనా ఎందుకని ఆలోచించలేదు. మనమైనా ఆలోచిద్దాం.

డెబ్భై అయిదులో తండాలో గత్తర, అదే కలరా, సోకింది. మూడు రోజుల్లో నలుగురు పోయారు. దేవ్లా, అతని భార్య సోమ్లిల ఒక్కగానొక్క కూతురు రూప్లికి అప్పుడు ఆరేళ్ళు. కళ్ళు లోపలికి పోయి, నాలుక పిడచగట్టి, పిలిస్తే పలకని స్థితికి వచ్చింది. పర్ణశాల నుంచి తిరిగి వెళుతున్న పెద్దసారు, రోడ్డుమీద బిడ్డను భుజాన వేసుకుని పరుగెడుతున్న సోమ్లిని చూసి జీపు ఆపించాడు. వెనక కూచున్న ఇద్దరు కార్యకర్తలను దిగి నడవమని, తల్లీబిడ్డలను ఎక్కించుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. సెలైన్ ఎక్కే దాకా వరండాలో నిలబడ్డాడు. ఆయన మిగతా రాజకీయం మంచిదా చెడ్డదా అన్నది మన లెక్కలోకి రాదు. ఆ వరండాలో నిలబడ్డ మనిషిని సోమ్లి ఎట్లా మరుస్తుంది?

ఆ రోజే మొక్కుకుంది. ఈ మనిషి మళ్ళీ మా నేల మీద కాలుపెట్టిన నాడు మా దేవుడు సేవాభాయాకు భోగ్ వేస్తానని. లంబాడీ ఇళ్ళలో భోగ్ అంటే నిప్పుల మీద తీపి అన్నం పెట్టి నెయ్యి పోయడం. మంట భగ్గున లేచిందంటే దేవుడు అందుకున్నట్టు. మంట లేవకపోతే ఇంటిల్లిపాదీ దిగులుపడతారు.

ఆరేళ్ళపాటు పెద్దసారు బోనకల్ వెళ్ళాడు, కుసుమంచి వెళ్ళాడు, తండాకు మాత్రం రాలేదు. ఎనభై ఒకటిలో వస్తున్నాడని తెలిసేసరికి సోమ్లి చెంబెడు నెయ్యి కాచి సిద్ధం చేసింది. ఆ పొద్దున బెల్లమన్నం గిన్నె, నెయ్యి చెంబు గంపలో పెట్టుకుని, పైన తడిబట్ట కప్పి, నీళ్ళు మోసే కూలీల వెంట మైదానంలోకి వచ్చేసింది. పోలీసులు ఆమెను కూలీ అనుకున్నారు. అసిస్టెంట్ ఇంజనీర్ వెంకటరామారావు కలెక్టరు కోసం రోడ్డు దగ్గర ఉన్నాడు. సోమ్లి నేరుగా మొగుడి నిప్పుల దగ్గరికి వచ్చి కూచుంది.

"గీడెందుకే? ఇంటికాడ ఎయ్యరాదా?" అన్నాడు దేవ్లా. ఇద్దరూ మాట్లాడుకున్నది లంబాడీలోనే. మనకు తెలిసే మాటల్లో చెబుతున్నాను.

"ఇంటి నిప్పుకాడికి ఆయన దిగుతడా? ఆయన్ని దించే నిప్పు ఇది. ఈడనే ఇయ్యాలె" అంది సోమ్లి.

దేవ్లా పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఎంతైనా అతనూ తండ్రే. ఇంకో సంగతి, నాయకులు చెప్పిన వేళకు రావడం అతను తన సర్వీసులో చూడలేదు. పదకొండున్నర అన్నారంటే ఒంటిగంట అని లెక్క. అప్పుడింకా పదకొండు. భోగ్ మంట తగ్గి మళ్ళీ నిప్పులు అవడానికి కావలసినంత సమయం ఉందనుకున్నాడు.

అతను దండం పెట్టి మొక్కు మాట దేవుడికి చెప్పాడు. నీళ్ళు చుట్టూ తిప్పాడు. అన్నం నిప్పుల మీద పెట్టాడు. సోమ్లి నెయ్యి పోసింది.

"గరిటెడు చాలే" అన్నాడు.

"ఆరేండ్ల మొక్కు" అని సోమ్లి చెంబంతా వంచేసింది.

మంట మనిషెత్తు లేచింది. సోమ్లి మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఆ నిమిషంలోనే గోదావరి వైపునుంచి చప్పుడు వినపడింది. జీవితంలో ఒక్కసారి ఒక నాయకుడు వేళకంటే ముందు వచ్చాడు.

దేవ్లా తడిగడ్డి వేశాడు. మంట దాన్ని కరకరా నమిలేసింది. వేపాకు వేశాడు, అదీ మండింది. నెయ్యి తాగిన నిప్పు పొగను లేవనిస్తుందా? హెలికాప్టర్ నెత్తిమీదికి వచ్చింది. పొట్టకింద చక్రాలు కూడా కనపడ్డాయి. కింద పొగ లేదు. గుట్టలమీద మాత్రం ఎవరో పోడు కొట్టి తగలబెట్టారు, అక్కడినుంచి పొగ దండిగా లేస్తోంది. పైలట్ ఆ పొగే గుర్తనుకున్నాడో ఏమో, హెలికాప్టర్ ఒక చుట్టు తిరిగి అటే వెళ్ళింది. అదే వేళకు పడమట నల్లటి మబ్బు, గాలిదుమారం. చప్పుడు చిన్నదై, చిన్నదై, ఆగిపోయింది. దేవ్లా వేపాకు మండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని కుప్ప మీద అప్పుడు లేచింది పొగ, తెల్లగా, లావుగా, ఎవరికీ అక్కర లేకుండా.

కింద పొగ లేకపోవడం వల్లనే పడిందా? దుమారం వల్ల పడిందా? లేక నిజంగానే ఎవరైనా ఏదైనా చేశారా? నాకూ తెలియదు. దేవ్లాకు మాత్రం అనుమానం లేదు. తన పొగ లేక పోయాడు ఆ మనిషి. ఆ పొగను ఆపింది సోమ్లి నెయ్యి. ఈ సంగతి సోమ్లికి తెలిస్తే? కూతుర్ని బతికించిన మనిషిని తన చేత్తో చంపుకున్నాననుకుంటే ఆ ఆడది ఇక బతుకుతుందా? దేవ్లాకు ఉన్న భయమంతా ఇదే. ఉద్యోగం పోతుందన్న భయం కూడా దీని తరవాతే.

ఖమ్మంలో విచారణ పెట్టారు. రిటైరైన జడ్జీగారు ఒకరు కూచున్నారు. ముప్ఫై మందిని అడిగారు, అందులో దేవ్లా ఒకడు. ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్ళి, బోనులాంటి చోట నిలబడ్డాడు.

"హెలికాప్టర్ మైదానం మీదికి వచ్చినప్పుడు పొగ ఉందా?" అని అడిగారు.

దేవ్లా ఎప్పుడూ అబద్ధం ఆడలేదని చెప్పను. రోడ్డు మీద తట్టెడు కంకర ఎక్కువ పోశానని చాలాసార్లే చెప్పి ఉంటాడు. కానీ దేవుడి మీద ప్రమాణం చేసి ఆడింది అదొక్కటే.

"ఉంది సార్. మస్తుగ ఉంది."

బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు. ఏడాదికి రిపోర్టు వచ్చింది. వాతావరణం బాగాలేక జరిగిన ప్రమాదం అన్నారు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, దేవ్లా అసలే నమ్మలేదు. అతనికి ఇంకా గట్టిది కావాలి. ఎవడో ఒక దుర్మార్గుడు కావాలి. పేరూ ఊరూ ఉన్న దుర్మార్గుడు దొరికితే, రేపెప్పుడైనా సోమ్లి చెవిన ఆ నెయ్యి సంగతి పడ్డా, ఆమెకు చూపించడానికి ఒకడుంటాడు. అందుకే ఆ కథలన్నీ. హోటల్లో పోగుచేసిన ప్రతి కథనూ ఇంటికి తెచ్చి సోమ్లికి వినిపించేవాడు.

సోమ్లి శ్రద్ధగా వినేది. వినడమే కాదు, తనూ తెచ్చేది. బీడీలు చుట్టే తునికాకు కల్లానికి వెళ్ళిన రోజుల్లో సాయంత్రం ఆకు కట్టలు దించి, కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టేది.

"రూప్లి బాపూ, కల్లంల చాంది చెప్తుంది, ఆ పొద్దుగాల విమానంల ఎవడో పెట్టె పెట్టిండంట."

"పెట్టెనా? ఎవడు పెట్టిండంట?" అని దేవ్లా ఆశగా దగ్గరికి జరిగేవాడు.

"గదే తెల్వదంట. ఎర్ర అంగీ ఏసుకున్నోడంట."

ఎర్ర అంగీవాడు దేవ్లాకు ఆరునెలలు సరిపోయాడు. ఇలా మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు హంతకులను తెచ్చిపెట్టుకుంటూ పన్నెండేళ్ళు కాపురం చేశారు. రూప్లి చదువుకుంది. తనను బతికించిన భద్రాచలం దవాఖానాలోనే నర్సయింది. పెళ్ళి అయింది. పెళ్ళిలో బూరెలు నూనెతో చేశారు. నెయ్యి ఏదని చుట్టాలు దెప్పారు. బర్రె ఎండిపోయిందంది సోమ్లి. నిజానికి ఆ మే నెల తరవాత ఆ ఇంట్లో నెయ్యి కాచనే లేదు. ఒక ఏడు బర్రె ఎండిందనేది, ఒక ఏడు పాలు అమ్ముతున్నాననేది, ఒక ఏడు నెయ్యి వాసన పడడం లేదనేది. మగవాడికి వంటింటి సంగతులు చెబితే చెప్పినంతే నమ్ముతాడు. దేవ్లా నమ్మాడు.

పెద్దసారు పోయాక దేవ్లా పొగ వేయడం మానేశాడు. జీపు వచ్చినప్పుడల్లా నడుము పట్టేసిందనో, జ్వరమనో పడుకునేవాడు. వేరేవాళ్ళు టైర్లు కాల్చి ఏదో నల్లపొగ వేసేవారు. తొంభై మూడులో, దేవ్లా రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలుండగా, వెంకటరామారావు తనే తండాకు వచ్చాడు. అప్పటికి పెద్ద ఇంజనీరయ్యాడు, జుట్టు నెరిసింది.

"ఏమయ్యా దేవ్లా, మీ తండా మైదానంలోనే దిగుతున్నారు కొత్త మంత్రిగారు. టైరు పొగతో పైలట్లు తిడుతున్నారు. ఈ ఒక్కసారి నువ్వు వెయ్యాలి. నాకోసం" అన్నాడు.

"నా చెయ్యి మంచిది గాదు సార్. ఇంకెవరినన్న చూడుండ్రి" అన్నాడు దేవ్లా, నేల చూస్తూ.

గుమ్మంలో నిలబడ్డ సోమ్లి అంది. "ఏస్తడు సారూ. నేను తోలిస్త."

దేవ్లా ఆమె వైపు తిరిగి చూశాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సున్నం గీతలు మునుపటంత తిన్నగా వచ్చాయి గానీ, నిప్పుల మీద మాత్రం దేవ్లాకు నమ్మకం కుదరలేదు. అదే మైదానం. అవే గుట్టలు. మంట పూర్తిగా పోయిందా లేదా అని కర్రతో కెలికి కెలికి చూస్తున్నాడు. అంతలో నెత్తిన గంపతో సోమ్లి వస్తూ కనిపించింది. గంప మీద తడిబట్ట. దేవ్లా చేతిలోని కర్ర పారేశాడు. లేచి రెండడుగులు ఎదురు వెళ్ళాడు.

సోమ్లి వచ్చి గంప దించింది. బట్ట తీసింది. నిండా తడిపిన పచ్చి వేపాకు.

"బుగులు పడకు. నెయ్యి తేలే" అంది.

దేవ్లా గంపలో చేయి పెట్టి అడుగుదాకా తడిమి చూశాడు. తరవాత మెల్లగా అడిగాడు.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"ఆ దినమే. మంట చూసి కండ్లు మూసుకున్న. చప్పుడినపడి తెరిచిన. నువ్వు గడ్డి ఏసుడు, అది మండుడు, అంత చూసిన. నాకు కండ్లు లేవా?"

"మరి గన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు ఖమ్మంల నాకోసం దేవుని మీద ఒట్టేసి అబద్ధం జెప్పొస్తివి. మెట్ల మీద కూలబడ్డవని నీ ఎంబడి వచ్చిన మన తండా లాల్‌సింగ్ చెప్పిండు. నాకెరుకనని తెలిస్తే నువ్వు బతుకుతవా?" సోమ్లి వేపమండలు ఒక్కొక్కటే విడదీస్తూ అంది. "దినాం ఒక దొంగను పట్టుకొస్తివి. నువ్వు అలిసిపోతున్నవని నేను గూడ ఇద్దర్ని పట్టుకొచ్చిన. ఆ ఎర్ర అంగోడు నేను అల్లినోడే. చాందికి ఏం ఎరుక?"

దేవ్లాకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. ఏడుపే ముందు బయటపడింది. పన్నెండేళ్ళు ఆమెను తాను మోస్తున్నాననుకున్నాడు. ఆమె తనను మోస్తోందని ఇప్పుడు తెలిసింది. ఎంత ప్రేమ కలిగిందంటే, పోలీసులు చూస్తున్నారని కూడా మరిచి ఆమె చేయి పట్టుకున్నాడు.

"మన పొగ లేకనే పడిందా సోమ్లీ?"

"నాకెట్ల ఎరుక? దుమారం ఉండె. గుట్టమీద పొగ ఉండె. ఎవరి పాపమన్న ఉండెనేమో. నేను మొక్కు ఇచ్చింది నిజం, ఆయన పోయింది నిజం. రెండు దినాం గుర్తుకొస్తయి. నెయ్యి చూస్తే ఇంక ఎక్కువ గుర్తుకొస్తయని కాస్తలేను." చేయి విడిపించుకుని గంప ముందుకు తోసింది. "చప్పుడైతుంది. పొగ ఎయ్యి. గాయిన గూడ ఎవరి బిడ్డనో జీపుల ఎక్కించుకుంటడేమో."

గోదావరి వైపునుంచి హెలికాప్టర్ వస్తోంది. దేవ్లా గడ్డి పరిచాడు. సోమ్లి ఆకు అందించింది. ఇద్దరూ కలిసి మండ మీద మండ వేశారు. పొగ తెల్లగా, లావుగా లేచి గాలివాటున వంగింది. హెలికాప్టర్ చుట్టు తిరగకుండా వచ్చి, ఒక్క మెట్టు నిచ్చెన నడుమ దిగింది. మంత్రిగారు దిగి, పొగ వైపు చూడకుండా దండల వైపు వెళ్ళిపోయాడు. చూడకపోతేనేం, కాళ్ళమీద నడిచి వెళ్ళాడు. అది చాలనుకున్నారు ఇద్దరూ.

సాయంత్రం ఇంటికి పోతూ పిచ్చయ్య హోటల్ దగ్గర ఆగారు. సోమ్లి అన్నేళ్ళలో ఆ బల్లమీద కూచోవడం అదే మొదటిసారి. దేవ్లా రెండు చాయ్‌లు చెప్పాడు. పక్క ఊరినుంచి మీటింగుకు వచ్చినవాళ్ళు నలుగురు అక్కడ ఉన్నారు. వాళ్ళకు కాలక్షేపంగా ఉంటుందని పిచ్చయ్య హుషారుగా అందుకున్నాడు.

"ఇదిగో, హెలికాప్టర్ దేవ్లా వచ్చాడు. చెప్పు దేవ్లా, ఆనాడు పెద్దసారు హెలికాప్టర్ పడేసింది ఎవరు? కాంట్రాక్టర్లా, కలప దొంగలా, ఎర్ర అంగీవాడా?"

నలుగురూ దేవ్లా వైపు తిరిగారు. దేవ్లా తాపీగా చాయ్ ఊదుకున్నాడు. పన్నెండేళ్ళలో అతను ఆ ప్రశ్నకు ఊరుకోవడం పిచ్చయ్య చూడలేదు.

సోమ్లి గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మాకేం ఎరుక పిచ్చయ్యా" అంది. "మేము పొగ ఏసెటోళ్లం."